ఆ ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేయకండి

2021 ఫిబ్రవరిలో మా పోస్టు డబ్బాలో ఒక తెల్ల కవరు పడింది. మున్సిపాలిటీ ముద్ర ఉంది. లోపల బారెడు జర్మన్ మాటలు. వారం వారం వచ్చే సూపర్‌మార్కెట్ ప్రకటన కాగితాలతో పాటు దాన్నీ పాత పేపర్ల డబ్బాలో పడేశాను. చదవలేదు, ఎవరినీ అడగలేదు.

నెల తిరిగాక పార్కులో మా పక్కింటి పోలండ్ ఆవిడ కలిసింది. ‘‘ఓటు ఎవరికి వేశారు?’’ అంది. ‘‘మేం ఇండియన్లం, మాకిక్కడ ఓటెక్కడిది?’’ అన్నాను. ‘‘నగర సభకు లేదు. విదేశీయుల మండలికి ఉంది కదా! ఉత్తరం రాలేదా?’’ అంది. అప్పటికి ఎన్నిక అయిపోయింది. నేను పారేసిన కవరు అదేనని అప్పుడు తెలిసింది.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, అలాంటి కవర్లు మళ్లీ వస్తున్నాయి. హెస్సె రాష్ట్రంలో 2026 మార్చి 15, ఆదివారం స్థానిక ఎన్నికలు. దానికి వారం ముందు, మార్చి 8న, బవేరియాలో. ఫ్రాంక్‌ఫర్ట్, ఎష్‌బోర్న్, డార్మ్‌స్టాట్, వీస్‌బాడెన్ చుట్టుపక్కల వేల తెలుగు కుటుంబాలున్నాయి. మ్యూనిఖ్‌లో చెప్పనే అక్కర్లేదు. జర్మనీలో భారత పౌరుల సంఖ్య 2024 చివరికి సుమారు 2.8 లక్షలకు చేరింది. ఇంతమంది ఉండి, ఊరి ఎన్నిక వచ్చేసరికి ‘మనకు సంబంధం లేదు’ అనుకుంటున్నాం. ఈ మాటలో సగం నిజముంది. మిగతా సగం మన అశ్రద్ధ.

ఎవరికి ఏ ఓటు?

ముందు సగం నిజం చెప్పుకుందాం. జర్మనీలో ఊరి సభకు, జిల్లా సభకు ఓటు వేయాలంటే జర్మన్ పౌరసత్వం కానీ, యూరోపియన్ యూనియన్‌లోని ఏదో ఒక దేశపు పౌరసత్వం కానీ ఉండాలి. ఇరవై ఏళ్లుగా ఇక్కడ పన్ను కడుతున్నా, శాశ్వత నివాస కార్డున్నా, భారత పాస్‌పోర్టుతో ఆ ఓటు రాదు.

ఇది మార్చాలని ప్రయత్నాలు జరగలేదని కాదు. 1989లో హాంబుర్గ్, ష్లెస్విగ్ హోల్‌స్టెయిన్ రాష్ట్రాలు విదేశీయులకు స్థానిక ఓటు ఇస్తూ చట్టాలు చేశాయి. 1990 అక్టోబర్ 31న రాజ్యాంగ న్యాయస్థానం రెంటినీ కొట్టేసింది. ఓటు హక్కు ‘జర్మన్ ప్రజల’ది, ఆ ప్రజలంటే పౌరులే అని తీర్పు. తర్వాత మాస్ట్రిక్ట్ ఒప్పందం వచ్చింది. 1992 చివర్లో రాజ్యాంగంలోని 28వ అధికరణాన్ని సవరించి యూరోపియన్ యూనియన్ పౌరులకు స్థానిక ఓటు ఇచ్చారు. మా పక్కింటావిడ ఓటు అలా వచ్చిందే. మనం ఆ గీతకు అవతలే ఉండిపోయాం.

కానీ హెస్సెలో రెండో ఓటు ఒకటుంది. విదేశీ నివాసులు వెయ్యి దాటిన ఊళ్లలో ‘ఆస్‌లెండర్‌బైరాట్’ అనే విదేశీయుల సలహా మండలిని ఎన్నుకునే ఏర్పాటు ఉంది. 18 ఏళ్లు నిండి, ఎన్నికకు కొన్ని వారాల ముందు నుంచే ఆ ఊళ్లో నివాసం నమోదైన విదేశీయులందరూ ఓటర్లే. వీసా ఏ రకమన్నది ప్రశ్న కాదు. బ్లూ కార్డు ఉద్యోగి, ఎమ్మెస్ విద్యార్థి, భర్త వెంట వచ్చిన గృహిణి అందరికీ ఓటుంది. విడిగా దరఖాస్తు పెట్టక్కర్లేదు. ఈ దేశంలో అడుగుపెట్టగానే అన్‌మెల్డుంగ్ చేయించుకున్నాం కదా, ఆ నివాస రిజిస్టరే ఓటర్ల జాబితాకు ఆధారం. 2021 నుంచి ఈ ఎన్నికనూ నగర సభ ఎన్నిక రోజే పెడుతున్నారు.

మా ఇంటినే ఉదాహరణగా తీసుకోండి. నేను 2024లో జర్మన్ పౌరసత్వం తీసుకున్నాను. భారత చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి ఆ పాస్‌పోర్టు అప్పగించి ఓసీఐ కార్డు పుచ్చుకున్నాను. మా ఆవిడ ఊళ్లో పొలం వ్యవహారాలు, అమ్మానాన్నల బాధ్యత చూసుకుని భారత పౌరురాలిగానే ఉండిపోయింది. ఇప్పుడు నాకు నగర సభ ఓటుంది, విదేశీయుల మండలికి లేదు. ఆవిడకు మండలి ఓటుంది, నగర సభకు లేదు. పక్కింటావిడకు రెండూ ఉన్నాయి. ఒకే మెట్ల మీద ముగ్గురం, మూడు రకాల ఓటర్లం.

మిగతా రాష్ట్రాల్లో పద్ధతులు వేరు. నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియాలో 2025 సెప్టెంబర్ 14న స్థానిక ఎన్నికలతో పాటే ఇలాంటి మండళ్లకూ ఓటింగ్ జరిగింది. అక్కడ 16 ఏళ్లు చాలు, జర్మనీలో కనీసం ఏడాది చట్టబద్ధ నివాసం ఉండాలి. కొత్తగా జర్మన్లయినవారికి కూడా ఆ ఓటుంది. మ్యూనిఖ్‌లో వలసదారుల మండలి ఎన్నిక నగర సభతో కాకుండా విడిగా జరుగుతుంది. కాబట్టి మీ ఊరి సంగతి మీ రాట్‌హౌస్ వెబ్‌సైట్లో ఒకసారి చూసుకోండి.

సలహా మండలితో ఏం ఒరుగుతుంది?

డార్మ్‌స్టాట్‌లో ఎమ్మెస్ చేస్తున్న మా మేనల్లుడు సరిగ్గా ఇదే అడిగాడు. ‘‘రెండేళ్లలో ఏ బెర్లిన్‌కో పోయేవాణ్ని, నాకెందుకు మామయ్యా? పైగా అది సలహా మండలేగా, దానికి అధికారం ఎక్కడుంది?’’

నిజమే, మండలి చట్టాలు చేయలేదు, బడ్జెట్‌ను ఆపలేదు. విదేశీ నివాసులకు సంబంధించిన విషయాల్లో దాని అభిప్రాయం నగర సభ వినాలి, అది ప్రతిపాదనలు పెట్టవచ్చు. అంతవరకే. అయితే ఆ ‘సంబంధించిన విషయాలు’ ఏవో చూడండి. మనవాళ్లు ఇద్దరు కలిస్తే మొదట మాట్లాడుకునేది రెసిడెన్స్ పర్మిట్ అపాయింట్‌మెంట్ గురించి. నాకు తెలిసిన ఒక కుర్రాడు, ఊరి పేరు ఎందుకులెండి, కార్డు పొడిగింపు కోసం నెలల తరబడి ఈమెయిళ్లు పెట్టి, నాన్నకు బాగోలేదని కబురొచ్చినా విమానం ఎక్కడానికి భయపడ్డాడు. పెద్ద నగరాల్లో ఆ విదేశీయుల కార్యాలయం చాలా చోట్ల నగర పాలన కిందే ఉంటుంది. అక్కడ ఎంతమంది సిబ్బంది ఉండాలి, అపాయింట్‌మెంట్లు ఎలా ఇవ్వాలి అన్నవి నగర బడ్జెట్‌తో ముడిపడిన సంగతులు. మనం వాట్సాప్ గ్రూపుల్లో తిట్టుకుని ఊరుకునే విషయాన్ని సభలో అధికారికంగా లేవనెత్తగల కుర్చీ ఆ మండలిలో ఉంది.

కిటాలో సీటు, బడి భవనం, ట్రామ్, మున్సిపల్ ఇళ్లు, మనం ఉగాదికి, బతుకమ్మకు అద్దెకు తీసుకునే బ్యుర్గర్‌హౌస్ హాలు, ఇవన్నీ ఊరి సభ పరిధిలోవే. ఈసారి ఉగాది మార్చి 19న. పోలింగ్ అంతకు నాలుగు రోజుల ముందు. హాలు అద్దె గురించి మన సంఘాల్లో జరిగేంత చర్చ, ఆ అద్దె నిర్ణయించే సభ గురించి జరగడం లేదు.

ఈ మండళ్ల ఎన్నికల్లో పోలింగ్ ఎప్పుడూ చాలా తక్కువే. దాన్నే చూపించి ‘విదేశీయులకే ఆసక్తి లేదు’ అని అనేవాళ్లున్నారు. అభ్యర్థులే తగినంత మంది దొరకని ఊళ్లలో మండలి ఎన్నికే ఉండదు. ఎన్నికైన మండలి బదులు ఒక కమిషన్‌తో సరిపెట్టే వీలు హెస్సె చట్టంలో ఉంది. ఉన్న చిన్న హక్కును వాడకుండా పెద్ద హక్కు ఇవ్వమని అడిగితే ఎవరు వింటారు?

మేనల్లుడికి ఇంకొక మాట కూడా చెప్పాను. ‘‘నువ్వు పోతావు సరే. నీ గదిలోకి వచ్చేది ఇంకో తెలుగు కుర్రాడే కదరా!’’

ఓటు వేసే దారులు

ఎన్నికకు కనీసం మూడు వారాల ముందే సమాచార పత్రం ఇంటికి రావాలి. పారేయకూడదన్నది దాన్నే. మీ పోలింగ్ కేంద్రం ఎక్కడ, అక్కడికి చక్రాల కుర్చీ వెళ్తుందా లేదా, మీరు ఏ ఎన్నికకు ఓటరు అన్నది అందులో ఉంటుంది. అప్పటికీ రాకపోతే ఊరి ఎన్నికల కార్యాలయాన్ని అడగండి. ఆ మధ్య ఇల్లు మారినవాళ్లు మరీ ముఖ్యంగా చూసుకోవాలి.

మొదటి దారి, పోలింగ్ రోజున స్వయంగా వెళ్లడం. ఇక్కడ ఎన్నికలు ఆదివారమే. ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు. ఆ పత్రం, పాస్‌పోర్టు తీసుకెళ్తే చాలు. పత్రం పోయినా, జాబితాలో పేరుండి గుర్తింపు చూపిస్తే ఓటు పోదు. వేలికి సిరా పూయరు. ఫొటో తీసుకుని గ్రూపులో పెట్టాలని చూడకండి. ఓటు వేసే మరుగులో ఫోన్‌తో ఫొటో తీయడం నిషేధం.

రెండోది పోస్టు ద్వారా ఓటు, ఇక్కడి మాటలో ‘బ్రీఫ్‌వాల్’. పశ్చిమ జర్మనీలో 1957 పార్లమెంటు ఎన్నికల్లో మొదలైంది. అప్పట్లో కారణం చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు ఏ కారణమూ అక్కర్లేదు. కొవిడ్ నాటి 2021 పార్లమెంటు ఎన్నికల్లో దాదాపు సగం మంది, 47 శాతం, ఇలాగే వేశారు. సమాచార పత్రంపై ఉన్న క్యూఆర్ కోడ్‌తోనో, నగరం వెబ్‌సైట్లోనో, ఉత్తరం రాసో అడగవచ్చు. ఫోన్‌లో అడిగితే కుదరదు. బ్యాలట్‌ను లోపలి కవరులో పెట్టి అంటించాలి. ఓటు నేనే వేశానన్న ప్రమాణ పత్రంపై సంతకం చేయాలి. ఆ రెంటినీ బయటి కవరులో పెట్టాలి. ఆ సంతకం మరిచిపోతే ఓటు లెక్కలోకి రాదు. దేశం లోపల స్టాంపు అక్కర్లేదు. అయితే పోస్టు చేసిన తేదీని చూడరు, చేరిన సమయాన్నే చూస్తారు. ఆదివారం సాయంత్రం 6 లోపు అది కార్యాలయంలో ఉండాలి. ఆలస్యమైతే మీరే వెళ్లి రాట్‌హౌస్ పెట్టెలో వేసి రండి.

మూడో దారి చాలామందికి తెలియదు. ఎన్నికకు ముందు వారాల్లో నేరుగా ఎన్నికల కార్యాలయానికి వెళ్లి, అక్కడే బ్యాలట్ తీసుకుని, అక్కడే మరుగులో నింపి, అక్కడే ఇచ్చి రావచ్చు. మార్చి మధ్యలో ఇండియా ప్రయాణం పెట్టుకున్నవారికి ఇదే మేలు.

బాడెన్ వుర్టెంబెర్గ్‌లో ఇంకో మంచి అలవాటుంది. అక్కడ ఊరి సభ బ్యాలట్లే ముందుగా ఓటర్ల ఇళ్లకు పంపుతారు. తీరిగ్గా కూర్చుని నింపి, ఆదివారం పోలింగ్ కేంద్రానికి తీసుకెళ్లి పెట్టెలో వేయవచ్చు.

బ్యాలట్ చూసి భయపడకండి

కొత్తగా జర్మన్ పౌరులైనవారికి అసలు చిక్కు ఇక్కడే. ఫ్రాంక్‌ఫర్ట్ నగర సభలో 93 స్థానాలు. ఒక్కొక్క ఓటరుకు 93 ఓట్లు! బ్యాలట్ విప్పితే డైనింగ్ టేబుల్ నిండుతుంది. మ్యూనిఖ్‌లో 80, స్టుట్‌గార్ట్‌లో 60. మొదటిసారి చూసినవాళ్లకు గుండె గుభేలుమంటుంది.

నిజానికి సులువే. ఒక పార్టీ జాబితా పైన ఒక్క గుర్తు పెడితే చాలు, మీ ఓట్లన్నీ ఆ జాబితాకు పోతాయి. లేదా నచ్చిన ఒక్కో అభ్యర్థికి గరిష్ఠంగా మూడు ఓట్లు ఇవ్వవచ్చు. వేర్వేరు పార్టీల నుంచి మనుషుల్ని ఏరుకోవచ్చు. నచ్చని పేరు కొట్టేయవచ్చు. మొత్తం మీకున్న ఓట్లు దాటకుండా చూసుకోవాలి, అంతే. విదేశీయుల మండలి బ్యాలట్ దీనికంటే చిన్నది. నమూనా బ్యాలట్‌ను ముందే చూసుకోవచ్చు. ఒక సాయంత్రం దానితో కూర్చుంటే ఊరి రాజకీయం సగం అర్థమవుతుంది.

ఈ పద్ధతిలో మనకు పనికొచ్చే కిటుకు ఒకటుంది. జాబితాలో 40వ స్థానంలో ఉన్న అభ్యర్థికి కూడా తలా మూడు ఓట్లు పడితే పైకొస్తాడు. చెదురుమదురుగా ఉన్న చిన్న సమాజాలకు ఇంతకంటే అనువైన పద్ధతి మరొకటి దొరకదు.

‘ఇంత పెద్ద దేశంలో ఇంకా కాగితాలా, మనకు ఈవీఎంలు ఉన్నాయి’ అని మనవాళ్లు నవ్వుతుంటారు. ఇక్కడా 2005 పార్లమెంటు ఎన్నికల్లో కొన్నిచోట్ల యంత్రాలు పెట్టారు. 2009 మార్చి 3న రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదంది. ఓటు ఎలా లెక్కపడిందో సాంకేతిక జ్ఞానం లేని మామూలు పౌరుడు కూడా సరిచూసుకోగలగాలన్నది ఆ తీర్పు సారం. అందుకే 6 గంటలకు తలుపులు మూశాక కూడా లెక్కింపు గదిలోకి ఎవరైనా వెళ్లి చూడవచ్చు. ఓటు లేనివారు కూడా. పిల్లల్ని తీసుకెళ్లండి. బడిలో చదివే పాఠం కళ్లముందు కనపడుతుంది. జర్మన్ పౌరులైనవారు పోలింగ్ సిబ్బందిగా కూడా పేరు ఇచ్చుకోవచ్చు. ఆ రోజుకు చిన్న భత్యమిస్తారు.

వంటింటి బల్ల మీద

ఒక చేదు మాట చెప్పక తప్పదు. పోస్టు ఓటు ఇంటికొస్తుంది కాబట్టి, ఇంట్లో అందరి ఓట్లూ ఒక్కరే వేసేసే అలవాటు మొదలవుతుంది. ‘‘నీకు జర్మన్ రాదుగా, ఇలా ఇవ్వు, సంతకం పెట్టు చాలు’’ అనే భర్తల్ని నేను చూశాను. రెండేళ్ల కిందటైతే నేనూ అనేవాణ్నేమో. అది ప్రేమ కాదు, సాయమూ కాదు. చూపు లేనివారు, చదవలేనివారు, చేయి ఆడనివారు తోడు తీసుకోవచ్చు. ఆ తోడు వచ్చినవారు ఓటరు చెప్పినట్టే గుర్తు పెట్టాలి, తమ ఇష్టప్రకారం కాదు. మిగతావారి ఓటు వారిదే. వేరేవాళ్లు వేస్తే నేరం, ఆ ప్రమాణ పత్రం అబద్ధమవుతుంది. భాష రాకపోతే నమూనా బ్యాలట్ ముందు పెట్టుకుని అర్థం చెప్పండి. అసలు బ్యాలట్ దగ్గరికి వచ్చేసరికి లేచి పక్క గదిలోకి వెళ్లండి.

అక్కడి ఓటు, ఇక్కడి ఓటు

మన ఊరి ఎన్నిక మీద మనకెంత మమకారమో అందరికీ తెలుసు. మొన్న డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో తెలంగాణ పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు ఇక్కడి గ్రూపుల్లో రాత్రిళ్లు కూడా నిద్ర లేదు. పోలింగ్ 80 శాతం దాటింది. సర్పంచి అభ్యర్థులు హైదరాబాద్ నుంచి ఓటర్లను బండ్లు పెట్టి పిలిపించుకున్నారని కబుర్లు. ఇక్కడ మిమ్మల్ని ఇంటికొచ్చి ఎవరూ పిలవరు, బండి పంపరు. బహుశా అందుకే మనం కదలడం లేదు.

ప్రవాస భారతీయుడిగా స్వదేశంలో ఓటు వేసే హక్కు 2011 నుంచి ఉంది. కానీ 6ఏ ఫారంతో పేరు నమోదు చేసుకుని, ఆ రోజుకు స్వయంగా సొంతూరి పోలింగ్ కేంద్రానికి వెళ్లాలి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో నమోదైన ప్రవాస ఓటర్లు సుమారు 1.19 లక్షలు. వచ్చి వేసినవారు 2,958 మంది. సెలవు, విమానం టికెట్టు తలచుకుంటే వారిని తప్పుపట్టలేం. ఏడు వేల కిలోమీటర్ల దూరంలోని పెట్టె అందడం లేదని మనం బాధపడటం న్యాయమే. కానీ వీధి చివరి పసుపు రంగు పోస్టు పెట్టె దాకా వెళ్లకపోవడానికి ఏ కారణం చెప్పగలం?

మనవాళ్లు ఇక్కడ గెలవరన్నదీ అబద్ధమే. బ్రాండెన్‌బర్గ్‌లోని ఆల్ట్‌లాండ్స్‌బర్గ్ పట్టణం 1993లో భారత్‌లో పుట్టిన ఒక వైద్యుణ్ని మేయర్‌గా ఎన్నుకుంది. ఆయన పేరు రవీంద్ర గుజ్జుల. ఇంటిపేరు చూడగానే మనకు చనువనిపిస్తుంది. బాన్ నగరానికి 2015 నుంచి 2020 వరకు మేయర్‌గా ఉన్న అశోక్ శ్రీధరన్ తండ్రి భారతీయుడు. వారిని గెలిపించింది వారి వారి ఊరివాళ్లు.

మన తెలుగు సంఘాలకు నా విన్నపం ఒక్కటే. ఫలానా పార్టీకి వేయమని చెప్పకండి, అది మీ పని కాదు. ఉగాది కార్యక్రమం రిహార్సల్‌కు అందరూ కలిసే ఏదో ఒక శనివారం అరగంట కేటాయించి, నమూనా బ్యాలట్ గోడకు అంటించి ఎలా నింపాలో చూపండి. వచ్చే ఎన్నికకైనా మన అమ్మాయో అబ్బాయో విదేశీయుల మండలికి పోటీలో నిలబడేలా చూడండి. పౌరసత్వం మార్చుకున్నవారు ఆ మండలికి ఓటు వేయలేకపోయినా, అభ్యర్థిగా నిలబడవచ్చు.

ఈసారి మా ఇంటికి రెండు కవర్లు వచ్చాయి. రెంటినీ ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించాం. మా ఆవిడ పోస్టు ఓటు వద్దంది. ఈ దేశంలో మొదటి ఓటు, పెట్టెలో నా చేత్తోనే వేస్తానంది. 15న పొద్దున్నే ఇద్దరం కలిసి నడిచి వెళ్తాం. మేనల్లుడు కూడా తన కవరు ఫొటో తీసి పంపాడు. కింద ఒకే ఒక్క మాట: ‘‘పారేయలేదు మామయ్యా.’’